దోసె చెయ్యి పక్కన పెట్టి ప్యాన్‌కేక్ వేయండి

దోసె బాగా వేసేవాళ్లకే ప్యాన్‌కేక్ ఓ పట్టాన కుదరదు. చెన్నైలో ఓఎమ్మార్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద, షోళింగనల్లూరులో తెలుగు అమ్మాయిల పీజీ నడుపుతూ ప్రతి ఆదివారం నా వంటింట్లో చూస్తున్న సంగతే ఇది. మా దోసె మాస్టర్ చిత్తూరు వైపు మనిషి. పేపర్ రోస్ట్ వేశాడంటే అందులోంచి అవతల ఏముందో కనిపిస్తుంది. ఆయన చేతికి ప్యాన్‌కేక్ పిండి ఇస్తే మాత్రం, గరిటె పెనానికి ఆనగానే మణికట్టు తనంతట తానే గుండ్రంగా తిరిగిపోతుంది. "ఇంకాస్త పరిస్తే బాగా కాలుతుంది కదక్కా" అంటాడు. కాలుతుంది, పొంగదు. అదే వంటింటి మొహం చూడకుండా కాలేజీ నుంచి నేరుగా ఉద్యోగానికొచ్చిన పిల్లలు, చెప్పింది చెప్పినట్టు చేసి, అర అంగుళం పైన మందంతో దూదుల్లాంటివి దించుతారు.

అందుకే ఈ వంటలో ఏం చేయాలో ఎంత చెప్తానో, ఏం చేయకూడదో కూడా అంతే చెప్తాను. పిండి బాగా కలపడం, గరిటెతో పరచడం, మంట పెంచడం, పెనం మీద నీళ్లు చిలకరించి తుడవడం, అట్లకాడతో నొక్కడం, ఇవన్నీ మనకు చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన పనులు. ఇక్కడ ఒక్కటీ పనికిరాదు.

కొలతలు ముందే ఇస్తున్నాను, మధ్యలో వెతుక్కోకుండా. మైదా 180 గ్రాములు. పంచదార 2 టేబుల్ స్పూన్లు. బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూను, వంట సోడా అర టీస్పూను, ఉప్పు పావు టీస్పూను. పుల్లటి పెరుగు 250 గ్రాములు, దాన్ని కాస్త జారుగా చేయడానికి పాలు 75 మిల్లీలీటర్లు. గుడ్డు ఒకటి. కరిగించిన బట్టర్ 40 గ్రాములు. అరచేయంత ప్యాన్‌కేకులు ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ముగ్గురికి సరిపోతాయి, రాత్రంతా నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లయితే ఇద్దరికే. స్పూన్లన్నీ తలకొట్టినవే, పైన గుట్టలా ఉండకూడదు. సోడా విషయంలో ఇది మరీ ముఖ్యం.

మైదాని వీలైతే తూకం వేయండి. 240 మిల్లీలీటర్ల కప్పులో స్పూనుతో వదులుగా పోస్తే 120 గ్రాముల దాకా పడుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి కుక్కి తీస్తే 150 అవుతుంది. ఇద్దరూ కప్పున్నర మైదానే వేశామంటారు, ఒకరి పిండి జారుతుంది, ఇంకొకరిది గరిటెకి అతుక్కుంటుంది. తూకం లేకపోతే వదులుగా పోసి కప్పున్నర అనుకోండి.

ఇక పెరుగు దగ్గరికి వద్దాం, సగం వంట ఇక్కడే ఉంది. అమెరికావాళ్లు ఈ వంటకి వాడే బటర్‌మిల్క్ ఒకప్పుడు వెన్న చిలికాక మిగిలినదే. ఇప్పుడు అక్కడ డబ్బాల్లో అమ్మేది మాత్రం వెన్న తక్కువున్న పాలని బ్యాక్టీరియాతో పులియబెట్టి చేసింది. చిక్కగా, పుల్లగా ఉంటుంది. మనం ఒకటికి రెండు నీళ్లు పోసి చిలికే మజ్జిగతో చేస్తే పిండి పల్చనైపోతుంది, దాన్ని గట్టిపరచడానికి మైదా ఎక్కువేస్తాం, పులుపు చాలదు, చివరికి తెల్లగా సాగే అట్టు వస్తుంది. మూడు వంతుల పెరుగుకి ఒక వంతు పాలు కలిపితే ఆ చిక్కదనం సరిగ్గా కుదురుతుంది. పాలు లేకపోతే నీళ్లయినా ఫర్వాలేదు, రుచి కాస్త తగ్గుతుంది, అంతే.

షాపులో దొరికే మసాలా మజ్జిగ ప్యాకెట్ జోలికి పోవద్దు. పైన ఇంగ్లీషులో బటర్‌మిల్క్ అనే రాసుంటుంది, నిజమే. లోపల అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ ఉంటాయి. ఇంగువ వాసన కొట్టే ప్యాన్‌కేక్ మీద ఏ సిరప్ పోసినా లాభం లేదు.

పెరుగు ఎంత పులవాలి? నాలుక మీద పెట్టుకుంటే మొహం కాస్త చిట్లించాలి, కానీ అన్నంలో కలుపుకుని తినగలగాలి. చెన్నైలో పులుపుకి కరువు లేదు. మే నెలలో, ఇక్కడివాళ్లు అగ్నినక్షత్రం అనే మండుటెండల రోజుల్లో, పొద్దున తోడేసిన పాలు మధ్యాహ్నం భోజనానికి గడ్డ పెరుగు, సాయంత్రానికి పుల్ల పెరుగు. ఆ రోజుల్లో తోడుకున్న వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేస్తాను, మర్నాటికి సరిగ్గా ఉంటుంది. డిసెంబరు, జనవరిలో ముందు రోజు పెరుగుని ఒక పూట బయటే వదిలేస్తాను. ఇంట్లో తోడేసేవాళ్లకి ఆవిన్ పచ్చ ప్యాకెట్ పాలు బాగుంటాయి, అందులో వెన్న 4.5 శాతం. పిండిలో పోసే ఆ కాసిని పాలు మాత్రం ఏ ప్యాకెట్‌వైనా ఒకటే. పెరుగు మీద నీళ్లు తేలితే ఒంపేయకండి, వాటిలోనూ పులుపుంది. అన్నీ కలిపి కవ్వంతో గడ్డలు లేకుండా చిలికేయండి. ఈ వంటలో గట్టిగా చిలకాల్సింది ఇదొక్కటే, ఇందులో ఇంకా మైదా పడలేదు కాబట్టి.

పెరుగు లేని రోజు పాలలో నిమ్మరసం పిండి చేయొచ్చు. కప్పు పాలకి టేబుల్ స్పూను నిమ్మరసం, పది నిమిషాలు వదిలేస్తే విరుగుతుంది. పని జరుగుతుంది గానీ చిక్కదనం రాదు. పుల్లపెరుగు ప్రతి ఇంట్లో ఉండే ఊళ్లో దాని అవసరం ఏముందో నాకైతే అర్థం కాదు.

పులుపు గురించి ఇంత చెప్పడానికి కారణం సోడా. దోసె పిండి రాత్రంతా పులిసి, అందులోని సూక్ష్మజీవులు వదిలే గాలితో పొంగుతుంది. ప్యాన్‌కేక్‌కి అంత తీరిక లేదు. వంట సోడాకి పెరుగులోని లాక్టిక్ ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, క్షణాల్లోనే. ఆ బుడగలు పిండిలో చిక్కుకుని ఉండగానే పెనం మీద పడితే, చుట్టూ పిండి ఉడికి గట్టిపడి, మెత్తటి గుల్ల మిగులుతుంది. పులుపు తక్కువైతే సోడా అంతా ఖర్చవదు. మిగిలిన సోడా నోటికి సబ్బు రుచి తగిలిస్తుంది, లోపల పసుపుపచ్చగా కనిపిస్తుంది. 'ఇంకొంచెం పొంగాలి' అని సోడా చిటికెడు ఎక్కువేసేవాళ్లకి జరిగేది ఇదే.

మరి బేకింగ్ పౌడర్ ఎందుకంటే, సోడా గాలి కలిపిన వెంటనే వచ్చేస్తుంది, రెండో వాయి వేసేటప్పటికి కొంత పోతుంది. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు పొడి ఆమ్లమూ, తేమ పీల్చుకోవడానికి పిండీ కలిపే ఉంటాయి. డబుల్ యాక్షన్ రకమైతే తడి తగిలినప్పుడు కొంత, పెనం వేడి తగిలినప్పుడు మిగతాది పొంగుతుంది. పెనం మీద అది ఉబ్బడం మీ కంటికి కనిపించేది దాని వల్లే. బేకింగ్ పౌడర్‌ని 1843లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన తయారుచేశాడు, ఆయన భార్యకి ఈస్ట్ పడదని. అంతకు ముందే, 1837లో, ఆవిడకి గుడ్డు కూడా పడదని కస్టర్డ్ పౌడర్ చేసిందీ ఆయనే. మనం ఫ్రూట్ సలాడ్‌లో కలుపుకునే పసుపు పొడి కథ అది. భార్యకి పడనిదల్లా రాసిపెట్టుకుని మరీ పనిచేసిన మనిషి, నాకు ఆయనంటే గౌరవం.

చెన్నైలో పచారీ కొట్లో వంట సోడా అంటే కొందరు తెల్లమొహం వేస్తారు. 'ఆప్ప సోడా' అని అడగండి, చటుక్కున తీసిస్తారు. బట్టలుతికే చాకలి సోడా వేరే పదార్థం, అది కడుపులోకి పోకూడదు. విడిగా పొట్లం కట్టిచ్చే చోట కొనకుండా, పేరు అచ్చువేసిన ప్యాకెట్ తీసుకుంటే ఆ గొడవ ఉండదు.

ఇక్కడి ఉక్కకి బేకింగ్ పౌడర్ త్వరగా చచ్చిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే మరీ. డబ్బా మీద తేదీ చూసి నమ్మకండి. పావు కప్పు వేడినీళ్లలో అర టీస్పూను వేసి చూడండి, బుస్సుమని నురగ పైకి రావాలి. నాలుగు బుడగలొచ్చి ఊరుకుంటే ఆ డబ్బా పారేయండి. సోడాకైతే వేడినీళ్లు చాలవు, నాలుగు చుక్కల నిమ్మరసం పిండాలి. తడి స్పూను ఆ డబ్బాల్లో పెట్టనివ్వకండి. మా వంటింట్లో వాటికి విడిగా పొడి స్పూను లోపలే ఉంటుంది, ఎవరు బయటికి తీసినా నేను ఊరుకోను.

బట్టర్ విషయం. అమూల్ పసుపు బట్టర్‌లో ఉప్పు ఉంటుంది, అందుకే పైన ఉప్పు పావు టీస్పూనే రాశాను. ఉప్పులేని బట్టర్ అయితే అర టీస్పూను వేయండి. నెయ్యి వేయొచ్చా అని అందరూ అడుగుతారు. వేయొచ్చు, 35 గ్రాములు చాలు, బట్టర్‌లో కొంత నీరుంటుంది, నెయ్యిలో ఉండదు. కాకపోతే ఇల్లంతా పండగ స్వీటు వాసన వస్తుంది, పెరుగు పులుపు ఆ వాసన కింద పడిపోతుంది. నేను వేయను.

పెరుగూ గుడ్డూ ఫ్రిజ్‌లోంచి తీసి అరగంటైనా బయట పెట్టాలి. చల్లటి పెరుగులో కరిగిన బట్టర్ పోస్తే అది అక్కడికక్కడే గడ్డకట్టి, తెల్లని పెరుగులో పసుపు రవ్వలుగా తేలుతుంది. ఆ రవ్వలు పెనం మీద విడిగా కరిగి, ఆ చోటల్లా గుంటపడి నూనె మడుగులా వస్తుంది. గుడ్డు పగలగొట్టి విడిగా గిలక్కొట్టి, చిలికిన పెరుగు పాలలో కలిపి, చివర్లో గోరువెచ్చని బట్టర్ సన్నగా పోస్తూ తిప్పండి. ఒక గిన్నె తయారు. ఇంకో పెద్ద గిన్నెలో మైదా, పంచదార, సోడా, బేకింగ్ పౌడర్, ఉప్పు వేసి ఒకసారి జల్లించండి. పంచదార జల్లెడలో మిగిలితే గిన్నెలోకే దులిపేయండి. పొడి పొడిగా ఉన్నప్పుడే సోడా సమంగా కలవాలి, తడి తగిలాక కలిపే అవకాశం లేదు.

ఇప్పుడు పెనం పొయ్యి మీద పెట్టి, అప్పుడు రెండు గిన్నెలూ కలపండి. ఆ వరస ముఖ్యం.

పొడి గిన్నె మధ్యలో గుంట చేసి తడిదంతా ఒకేసారి పోయండి. కవ్వం కాదు, మిక్సీ అసలే కాదు, పెద్ద చెక్క గరిటో రబ్బరు అట్లకాడో తీసుకోండి. అడుగు నుంచి పైకి తీసి మడిచినట్టు వేయండి, గిన్నెని పావు తిప్పి మళ్లీ అదే. పది పన్నెండు సార్లు తిప్పేసరికి పొడి మైదా గీతలు కనపడకుండా పోతాయి. అక్కడ ఆపేయండి. గిన్నెలోకి తొంగి చూస్తే ఏం కనిపిస్తుందంటే, శనగగింజంత, బఠాణీ అంత ఉండలు, వాటి చుట్టూ చిన్న చిన్న చిల్లులు తెరుచుకుంటూ మూసుకుంటూ, గిన్నె అంచున చిక్కటి నురగ. చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా చిటపట వినిపిస్తుంది. మన కంటికి ఆ ఉండలు చూడగానే ప్రాణం విలవిల్లాడుతుంది. అట్ల పిండిలో ఉండ కనిపిస్తే వేళ్లతో నలిపే ఇంట్లో పెరిగాం మరి. నలపకండి. గోధుమ పిండికి తడి తగిలి, దాన్ని కలిపేకొద్దీ గ్లూటెన్ సాగుతుంది. పరోటాకి కావలసింది ఆ సాగుడే, ఇక్కడ అదే శత్రువు. బియ్యప్పిండిలో, మినప్పిండిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి దోసె పిండిని ఎంత కలిపినా మనకి శిక్ష పడలేదు, ఆ ధైర్యం ఇక్కడ చూపించకూడదు.

కలిపాక పది నిమిషాలు కదపకుండా వదిలేయండి. ఉండలు వాటంతట అవే తడి పీల్చుకుని చాలావరకు కరుగుతాయి, మిగిలినవి పెనం మీద పోతాయి. పిండి చిక్కదనం ఇడ్లీ పిండి కంటే ఒక పిసరు జారు, దోసె పిండి కంటే బాగా గట్టి. గరిటెతో తీసి వదిలితే కుప్పగా పడి, మెల్లగా సర్దుకోవాలి. మరీ గట్టిగా ఉందనిపిస్తే స్పూను పాలు పోసి రెండే తిప్పులు. పదిహేను, ఇరవై నిమిషాలు దాటితే గాలి పోతూ ఉంటుంది, అంచేత పిండి కలిపి ఫోన్ మాట్లాడటానికి బాల్కనీలోకి వెళ్లకండి.

పెనం సంగతి. రోజూ దోసెలు వేసే ఇనప పెనం వద్దు. దానికి ఉల్లిపాయ రుద్ది రుద్ది, నువ్వుల నూనె పోసి పోసి పదును పట్టించి ఉంటాం. ఆ ఉల్లి వాసన కడిగినా పోదు, తియ్యటి పిండికి వెంటనే పట్టేస్తుంది. అడుగు మందంగా ఉన్న నాన్‌స్టిక్ పెనం ఉంటే చాలు. లేదా తియ్యటి అట్లకే విడిగా ఉంచుకున్న పోత ఇనుము పెనం ఉంటే ఇంకా మంచిది, వేడి నిలకడగా ఉంటుంది. పల్చటి అల్యూమినియం పెనం మీద మంట తగిలిన చోట మాత్రం గుండ్రంగా మాడుతుంది.

మంట సిమ్‌కి కొంచెం పైన, మీడియంకి కింద. పెనం వేడెక్కడానికి నాలుగైదు నిమిషాలు ఇవ్వండి. వేడి తెలుసుకోవడానికి ఒక్క నీటి చుక్క వేళ్లతో విదిలిస్తే అది చిటపటలాడి రెండు మూడు క్షణాల్లో ఆవిరవ్వాలి. పడగానే ఉండలా గెంతుతూ పరిగెత్తితే వేడి మరీ ఎక్కువ. దోసెకి కావలసింది ఆ వేడే, ప్యాన్‌కేక్‌కి అది పైన నలుపు, లోపల పచ్చి. చుక్క వేసి చూడటం వరకే, దోసెకి చల్లినట్టు గుప్పెడు నీళ్లు చల్లి గుడ్డతో తుడవకండి. వాయికీ వాయికీ మధ్య వేడి ఎక్కువైందనిపిస్తే మంట తగ్గించి ఒక నిమిషం ఆగండి.

నూనె విషయంలో చెయ్యి బిగపట్టాలి. వాసన లేని నూనె రెండు చుక్కలు వేసి టిష్యూ పేపర్‌తో పెనమంతా తుడిచేయండి, పెనం మెరవాలి గానీ నూనె కనపడకూడదు. నూనె ఎక్కువైన చోట పిండి వేగి, అంచులు జల్లెడలా కరకరలాడుతూ, మధ్యలో మచ్చలు మచ్చలుగా వస్తుంది. కేఫేలో ఫోటోలకిచ్చే ఆ సమానమైన బంగారు రంగు పొడి పెనం వల్ల వస్తుంది, బట్టర్ గుమ్మరించడం వల్ల కాదు. బట్టర్ పెనం మీద వేస్తే అందులోని పాలపదార్థం రెండో వాయికే నల్లబడి మరకలు పడతాయి. బట్టర్ కావాలంటే దించాక పైన పెట్టుకోండి, ఎవరూ కాదనరు.

పావు కప్పు గరిటెతో పిండి తీసి, పెనానికి దగ్గరగా పట్టుకుని, ఒకే చోట పోయండి. పోసి చెయ్యి వెనక్కి తీసేసుకోండి. అదే కష్టం. మా మాస్టర్ గరిటె పోయగానే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడతాడు ఇప్పుడు, స్కూల్లో ప్రార్థనకి నిలబడ్డట్టు. పిండి తనంతట తాను నాలుగంగుళాల దాకా సర్దుకుని ఆగుతుంది. అలా ఆగితే పిండి చిక్కదనం సరిగ్గా ఉన్నట్టు. పెనం అంచుల దాకా పారితే పల్చనైంది, పోసినచోటే ముద్దగా కూర్చుంటే గట్టిదైంది.

తిప్పడానికి గడియారం కంటే కన్ను మంచిది. ముందు అంచుల దగ్గర మెరుపు పోయి మసకబారుతుంది. తర్వాత బుడగలు పైకొచ్చి పగులుతాయి. మొదట్లో పగిలిన బుడగ చోటు వెంటనే పిండితో పూడిపోతుంది, అప్పుడు తిప్పకూడదు. పగిలిన చిల్లు అలాగే తెరుచుకుని ఉండిపోయిందంటే కింద సగం ఉడికినట్టు. మామూలుగా రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. మొత్తం పైభాగం చిల్లులు పడి ఎండేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టు, రెండో వైపు పొంగడానికి గాలి మిగలదు. అట్లకాడ మొత్తం కిందికి దూర్చి, ఎత్తకుండా పక్కకి దొర్లించినట్టు తిప్పేయండి. గాల్లోకి ఎగరేసే వేషాలు వీడియోలకి.

తిప్పాక అది ఉబ్బుతుంది, చూడటానికి సరదాగా ఉంటుంది. ఆ సమయంలోనే చెయ్యి దురద పెట్టి అట్లకాడతో ఒక నొక్కు నొక్కాలనిపిస్తుంది, ఊతప్పాన్ని నొక్కినట్టు. నొక్కితే లోపలి గాలంతా పోతుంది, ఇంతసేపు చేసిందంతా ఆ ఒక్క నొక్కుతో సరి. రెండో వైపు ఒకటి, ఒకటిన్నర నిమిషం. మళ్లీ మొదటి వైపుకి తిప్పకండి. ఉడికిందో లేదో తెలియాలంటే పక్కల వేలితో మెల్లగా తాకండి, తడి అంటకుండా, నొక్కిన చోటు తిరిగి లేవాలి. మూత పెట్టాల్సిన పనిలేదు, మూత మీద చెమర్చిన నీళ్లు పైన పడి చర్మం జిగటగా అవుతుంది.

మొదటిది ఎప్పుడూ పెనం వేడి చూసుకోవడానికే. అది వంటచేసేవాళ్లు నిలబడే తినేయాలని మా వంటింటి రూలు.

దించినవాటిని హాట్‌ప్యాక్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి మూతేస్తే అయిదు నిమిషాల్లో ఆవిరికి తడిసి ముద్దవుతాయి. చపాతీలకి ఆ ఆవిరి కావాలి, వీటికి వద్దు. కూరగాయలు కడిగే చిల్లుల జల్లెడ బోర్లించి, దాని మీద విడివిడిగా పెట్టి, పల్చటి గుడ్డ కప్పండి. ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ఉంటే 90, 100 డిగ్రీల మధ్య పెట్టి అందులో ఉంచొచ్చు.

గుడ్డు తినని రోజుల సంగతి కూడా చెప్పాలి. మా పీజీలో మంగళవారం ఒకరు, శనివారం ఇంకొకరు, తమిళుల పెరటాసి నెలలో సగం మంది గుడ్డు ముట్టరు. గుడ్డు తీసేసి, దాని బదులు పాలు ఇంకో 40 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ మొత్తం 2 టీస్పూన్లు చేయండి. సోడా పెంచకండి. గుడ్డు లేకపోతే లోపల పట్టు తక్కువ కాబట్టి, చిన్నగా, మూడంగుళాలకే ఆపి వేస్తే తిప్పేటప్పుడు విరగవు. గుడ్డువి వేసిన పెనం మీదే ఇవి వేయకండి, అడిగేవాళ్లు అడుగుతారు.

మైదా ఇష్టం లేనివాళ్లు సగం గోధుమపిండి వేసుకోవచ్చు. మన చపాతీ పిండి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, రెండు మూడు టేబుల్ స్పూన్ల పాలు అదనంగా పట్టుకుంటుంది. మొత్తం గోధుమపిండితో చేస్తే తియ్యటి రొట్టె అవుతుంది, అది తప్పని నేననను, మెత్తగా రాలేదని మాత్రం నా దగ్గరికి రావద్దు. ఉల్లిపాయలు, పచ్చిమిర్చి కూడా వేసుకోవచ్చా అని అడిగిన అమ్మాయికి ఊతప్పం వేసిపెట్టాను.

పైన పోసుకోవడానికి. అసలు మేపుల్ సిరప్ కెనడాలో, ఎక్కువగా క్యుబెక్‌లో, మేపుల్ చెట్ల నీరు కాచి తీస్తారు. సుమారు 40 లీటర్ల నీరు కాస్తే ఒక లీటరు వస్తుంది, ఆ ధర ఊరికే లేదు. పాన్‌కేక్ సిరప్ అని చవగ్గా వచ్చేది చాలాసార్లు మొక్కజొన్న సిరప్‌లో రంగూ వాసనా కలిపింది, వెనక సన్న అక్షరాలు చదివి కొనండి. నేనైతే తాటిబెల్లం పాకం పోస్తాను, ఇక్కడ కరుపట్టి అంటారు. తూత్తుకుడి వైపు ఉడన్‌గుడి కరుపట్టికి మంచి పేరు. 150 గ్రాములు చితక్కొట్టి, 100 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించి, తప్పకుండా గుడ్డలో వడకట్టండి, అడుగున ఇసుక ఉంటుంది. వడకట్టింది మళ్లీ పొయ్యి మీద పెట్టి, వేళ్ల మధ్య జిగురు తగిలి తీగ రాకముందే దించేయాలి. అరిసెల పాకం పట్టే చెయ్యి ఇక్కడా ఆగాలి, చల్లారాక ఇది ఇంకా చిక్కబడుతుంది. చిటికెడు ఉప్పు, అర స్పూను బట్టర్ వేసి కలపండి. కాస్త పొగ వాసన, వెనక చిన్న చేదు, పెరుగు పులుపుకి అది బాగా జత కుదురుతుంది. పక్కన ఏలక్కి అరటిపండు చక్రాలు చాలు.

ఎక్కువమందికి చేయాలంటే పిండి ఒకేసారి కలపకండి, ఆఖరి వాయికి గాలి ఉండదు. పొడి మిశ్రమం మాత్రం ఎక్కువ చేసుకోండి. 900 గ్రాముల మైదా, 125 గ్రాముల పంచదార, ఏడున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడర్, రెండున్నర టీస్పూన్ల సోడా, ఒకటింబావు టీస్పూను ఉప్పు, రెండు సార్లు జల్లించి గాలి చొరని గాజు సీసాలో పెట్టండి. అందులోంచి 215 గ్రాములు తీస్తే ఒక వాయి కొలత, మిగతా తడిది పైన చెప్పినంతే. వానాకాలంలో నెలకి మించి ఉంచకండి. పెనాలు రెండు పెట్టుకుని, ఒక గిన్నె పిండి అయిపోతుండగా పక్కనున్న అమ్మాయితో రెండో గిన్నె కలిపిస్తే ఇరవై మందికి ఆదివారం టిఫిన్ గంటలో అయిపోతుంది.

మిగిలిన పిండిని దోసె పిండిలా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పొంగుతుందని ఎదురుచూడకండి. సోడా పని అప్పుడే అయిపోయింది. పాలు పోసి పల్చన చేసి, పల్చటి తియ్యట్లు వేసుకోండి, అప్పుడు మాస్టర్ కోరిక తీరా పరచుకోవచ్చు. కాల్చినవి మిగిలితే పూర్తిగా చల్లార్చి, మధ్యలో బట్టర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, రెండు మూడు వారాలు బాగుంటాయి. తినేటప్పుడు మైక్రోవేవ్ కంటే పొడి పెనం మీద సిమ్‌లో ఒక్కో వైపు నిమిషంన్నర, పైన మూత లేకుండా.